ఫ్లైట్ సిమ్ కోసం పీసీ: కొనే ముందు ఎక్కడ ఆగుతోందో చూస్కోండి

ఫ్లైట్ సిమ్ (కంప్యూటర్ లో విమానం నడిపే సిమ్యులేటర్) లోకి కొత్తగా దిగేవాళ్ళు మొట్టమొదట అడిగేది ఏ గ్రాఫిక్స్ కార్డ్ కొనాలి అని. దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది, ఇప్పుడున్న పీసీ అసలు ఎక్కడ ఆగుతోంది అనేది, అది మాత్రం ఎవరూ అడగరు. వేరే గేములన్నీ అల్ట్రాలో హాయిగా ఆడించే మెషీనే పెద్ద ఎయిర్‌పోర్ట్ గేట్ దగ్గర ఎయిర్‌లైనర్ కాక్‌పిట్ లో కూర్చోగానే నీరసపడిపోతుంది, జనం కంగారుపడి ఇంకా పెద్ద కార్డ్ తెచ్చి బిగిస్తారు, బిగించాక చూస్తే సెకనుకి గీసే బొమ్మలు, అంటే ఫ్రేములు, రెండో మూడో పెరిగుంటాయి అంతే. కార్డ్ తప్పేం లేదు, దానికి పనే అందట్లేదు.

ఇది మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020, 2024, ఎక్స్-ప్లేన్ 12, డీసీఎస్ వరల్డ్ ఆడేవాళ్ళ కోసం రాస్తున్నా. సెట్టింగ్స్ పేర్లు ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటాయి గానీ లెక్క అన్నిటికీ ఒకటే.

సిమ్ ఎందుకింత బరువు

మామూలు గేమ్ లో మీరు ఎక్కడెక్కడ తిరగగలరో చేసినవాళ్ళకి ముందే తెలుసు, గోడ వెనకున్నది గీయక్కర్లేదు, పక్క వీధి లోడ్ చెయ్యక్కర్లేదు. సిమ్ లో ఆ వెసులుబాటు లేదు. 35,000 అడుగుల మీదుంటే చుట్టూ వందల కిలోమీటర్లు కనిపిస్తాయి, 500 అడుగుల్లో సిటీ మీద పోతుంటే ఒక్కో బిల్డింగూ ఒక్కో చెట్టూ కావాలి, ఈ రెండిటి మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు, భూమ్మీద ఏ మూలైనా ఉండొచ్చు. 2020 వెర్షన్ వెనకాల బింగ్ మ్యాప్స్ డేటా రెండు పెటాబైట్లకి పైనే ఉంది, అంటే 20 లక్షల జీబీ, అది అజూర్ సర్వర్ల నుంచి మీరు ఎగురుతున్నంతసేపూ ముక్కలు ముక్కలుగా దిగుతూనే ఉంటుంది.

అది కంటికి కనిపించే బొమ్మ సంగతి మాత్రమే. ఎక్స్-ప్లేన్ ఐతే రెక్కనీ తోకనీ ప్రొపెల్లర్ నీ చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్క మీద గాలి ఎంత బలంతో తోస్తోందో లెక్కేసి అవన్నీ కలిపి విమానాన్ని కదుపుతుంది, బ్లేడ్ ఎలిమెంట్ థియరీ అంటారు దాన్ని, ఈ లెక్క మొత్తం ప్రతి ఫ్రేముకీ మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి. దానికి తోడు హైడ్రాలిక్స్, కరెంటు, ఇంధనం, ఆటోపైలట్, ఫ్లైట్ కంప్యూటర్, చుట్టూ తిరిగే వేరే విమానాలు, వాతావరణం. మైక్రోసాఫ్ట్ సిమ్ లో చాలా విమానాల కాక్‌పిట్ స్క్రీన్లు హెచ్‌టీఎమ్‌ఎల్, జావాస్క్రిప్ట్ తో గీస్తారు, అంటే మీరు ఎగురుతుంటే లోపల ఓ చిన్న బ్రౌజర్ కూడా నడుస్తోందన్నమాట, మరి ఫ్రేములు పడకుండా ఎలా ఉంటాయి.

ఇదేం కొత్త గోల కాదు లెండి. 1980ల్లో ఐబీఎమ్ పీసీకి నకళ్ళు మార్కెట్లోకి వస్తున్నప్పుడు ఒక మెషీన్ నిజంగా కంపాటిబులా కాదా అని తేల్చడానికి జనం వేసి చూసిన రెండు ప్రోగ్రాముల్లో ఒకటి లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ ఐతే రెండోది మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరే. తర్వాత 2006లో దాని కొత్త వెర్షన్ ఎఫ్‌ఎస్‌ఎక్స్ వచ్చింది, సీపీయూ (ప్రాసెసర్) గిగాహెర్ట్జ్ ఏటికేడు పెరుగుతూనే పోతాయన్న నమ్మకంతో రాసిన సాఫ్ట్‌వేర్ అది, తీరా చూస్తే ప్రాసెసర్ కంపెనీలు స్పీడ్ పెంచడం ఆపి కోర్లు (ఒకే చిప్ లో పక్కపక్కన పనిచేసే భాగాలు) పెంచడం మొదలెట్టాయి, దాంతో ఆ సిమ్ ఏళ్ళ తరబడి ఎంత మంచి పీసీలో వేసినా కుంటుతూనే ఉండేది. ఆ జబ్బు ఇప్పటికీ పూర్తిగా పోలేదు, ఈ గైడ్ లో సగం దాని గురించే.

మెయిన్ థ్రెడ్ అనే ఇరుకు దారి

సిమ్ చేసే పనుల్లో కొన్నిటిని కోర్లకి పంచొచ్చు, టెక్స్చర్ లోడ్ చెయ్యడం, టెరైన్ తయారు చెయ్యడం లాంటివి. కొన్ని మాత్రం ఒకదాని తర్వాత ఒకటి వరసలోనే జరగాలి, ఎందుకంటే విమానం ఎక్కడుందో తేలకుండా కెమెరా ఎక్కడుందో తేలదు, కెమెరా తేలకుండా ఏం గీయాలో తేలదు. ఈ వరస పనంతా ఒకే థ్రెడ్ (ఒక కోర్ ఒకదాని తర్వాత ఒకటి చేసుకుపోయే పనుల వరస) మీద పడుతుంది, అదే మెయిన్ థ్రెడ్. మీ సీపీయూలో 16 కోర్లు ఉండనీ 24 ఉండనీ ఆ ఒక్క థ్రెడ్ ఎంత తొందరగా పని ముగిస్తే అంతే మీ ఫ్రేమ్ రేటు.

30 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 30 ఫ్రేములు) రావాలంటే ఒక్కో ఫ్రేముకి 33.3 మిల్లీసెకన్లు టైముంది, 60 కావాలంటే 16.7 మాత్రమే. మెయిన్ థ్రెడ్ ఒక ఫ్రేముకి 31 మిల్లీసెకన్లు తీసుకుంటోంది, జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డ్, 14లో పని ముగించేస్తోంది అనుకోండి, మిగతా 17 మిల్లీసెకన్లు కార్డ్ ఖాళీగా కూర్చుంటుంది. దానికి రెండింతలు పవర్ ఉన్న కార్డ్ పెడితే 7లో ముగించి 24 మిల్లీసెకన్లు కూర్చుంటుంది. డబ్బులిచ్చి కొన్నది ఆ అదనపు కూర్చోవడమే.

టాస్క్ మేనేజర్ చూసి మోసపోకండి. సీపీయూ 20 శాతమే వాడుతోంది కాబట్టి సమస్య సీపీయూ కాదు అని వాదించేవాళ్ళు రోజూ కనిపిస్తారు. 8 కోర్లు 16 థ్రెడ్ల ప్రాసెసర్ లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది 6 శాతం చిల్లరే, పైగా విండోస్ ఆ థ్రెడ్ ని ఒక కోర్ నుంచి ఇంకో కోర్ కి తిప్పుతూ ఉంటుంది కాబట్టి ఏ ఒక్క గ్రాఫూ 100 దాకా పోయినట్టు కనపడదు. చూడాల్సింది జీపీయూ శాతం. అది 95 పైన నిలకడగా ఉంటే ఆపుతున్నది కార్డ్, 60, 70 దగ్గర ఊగుతుంటే, మీరు ఫ్రేములకి ఎక్కడా లిమిట్ పెట్టి లేకపోతే, ఆపుతున్నది సీపీయూ.

ముందు పరీక్ష, తర్వాతే కొనుగోలు

మైక్రోసాఫ్ట్ సిమ్ లో ఐతే జనరల్ ఆప్షన్స్ లోకి వెళ్ళి డెవలపర్ మోడ్ ఆన్ చెయ్యండి, పైన ఒక మెనూ బార్ వస్తుంది, అందులో ఎఫ్‌పీఎస్ చూపించే ఆప్షన్ టిక్ పెడితే మూలన చిన్న బాక్స్ వస్తుంది. దాంట్లో మెయిన్ థ్రెడ్ వల్ల ఆగుతోందా జీపీయూ వల్ల ఆగుతోందా అని నేరుగా రాసి చూపిస్తుంది, ఒక్కోదానికి పడుతున్న మిల్లీసెకన్లతో సహా. ఎక్స్-ప్లేన్ లో సెట్టింగ్స్ లో డేటా అవుట్‌పుట్ అని ఉంటుంది, అందులో ఫ్రేమ్ రేట్ వరస టిక్ పెడితే సీపీయూ టైము జీపీయూ టైము విడివిడిగా స్క్రీన్ మీద పడతాయి. ఇక సిమ్ ఏదైనా పనికొచ్చే మొరటు పద్ధతి ఒకటుంది, రెండర్ స్కేల్ (సిమ్ లోపల బొమ్మ గీసే సైజు) కానీ రిజల్యూషన్ కానీ బాగా తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ అమాంతం పెరిగితే కార్డ్ సమస్య, బొమ్మ మసకబారింది కానీ నంబర్ అక్కడే ఉందంటే సీపీయూ.

ఈ పరీక్ష ఎక్కడ చేస్తారన్నది కూడా ముఖ్యం. సముద్రం మీద చిన్న సెస్నాతో తిరుగుతూ 80 వస్తున్నాయి అంటే దానికేం విలువ లేదు. మీరు మామూలుగా నడిపే విమానమే, మీకు బరువనిపించే పెద్ద ఎయిర్‌పోర్టే, గేట్ దగ్గర ఒకసారి, రన్‌వే మీదకి దిగబోయే ఫైనల్ అప్రోచ్ లో ఒకసారి. వాతావరణం, టైము రెండూ ఫిక్స్ చేసి పెట్టుకోండి, లైవ్ వెదర్ ఆన్ లో ఉంటే నిన్నటి నంబర్ ఇవ్వాళ్టి నంబర్ పోల్చడానికే కుదరదు. ట్రాఫిక్ కూడా అంతే.

ఒక్క రూపాయి పెట్టకుండా వచ్చే ఫ్రేములు

సీపీయూ ఆపుతోందని తేలితే జీపీయూ సెట్టింగ్స్ తగ్గించి లాభం లేదు. నీడలు, మేఘాలు, యాంటీ ఏలియాసింగ్ (అంచుల్ని నున్నగా చేసేది) అన్నీ బాగా తగ్గించి పెట్టి బొమ్మంతా పాడుచేసుకుని ఐనా ఫ్రేములు రావట్లేదని ఏడ్చేవాళ్ళు ఎక్కువ. సీపీయూ మీద పడేవి వేరే ఉన్నాయి.

అన్నిట్లోకి పెద్దది టెరైన్ లెవెల్ ఆఫ్ డిటెయిల్. ఎంత దూరం దాకా నేలని పూర్తి వివరంగా చూపించాలో చెప్పే స్లైడర్ ఇది, మైక్రోసాఫ్ట్ 2020 సిమ్ లో 400 దాకా పోతుంది, సగటు ప్రాసెసర్ కి 100 నుంచి 150 మధ్య చాలు. తమాషా ఏంటంటే ఈ స్లైడర్ విలువ ఎత్తు మీదుంటేనే ఎక్కువ కనిపిస్తుంది, దాని ఖర్చు మాత్రం కింద పెద్ద సిటీ పక్కన దిగేటప్పుడే ఎక్కువ, అందుకే ఎత్తుని బట్టి దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉండే చిన్న ఉచిత టూల్స్ వచ్చాయి, క్రూజ్ లో 300, దిగేటప్పుడు 100 అలా. ఆబ్జెక్ట్ డిటెయిల్ కూడా ఇదే జాతి. తర్వాత ట్రాఫిక్: ఎయిర్‌పోర్ట్ లో నిలబడ్డ విమానాలు, గ్రౌండ్ బండ్లు, రోడ్ల మీద కార్లు, పడవలు, వీటిని సగానికి కొట్టేస్తే పెద్ద ఎయిర్‌పోర్ట్ లో తేడా వెంటనే తెలుస్తుంది. బయట నుంచి తెచ్చిన ట్రాఫిక్ యాడ్-ఆన్ (అదనపు ప్యాక్) వేసినవాళ్ళు ఐతే సిమ్ సొంత ట్రాఫిక్ ఆపేయండి, లేకపోతే రెండూ కలిసి రన్‌వే నింపేస్తాయి. కాక్‌పిట్ స్క్రీన్లు ఎంత తరచుగా మారాలో చెప్పే గ్లాస్ కాక్‌పిట్ రిఫ్రెష్ రేట్ అని ఒకటుంది, ఎయిర్‌లైనర్లు నడిపేవాళ్ళు దాన్ని మీడియం చేస్కుంటే స్క్రీన్లు కొంచెం తడబడతాయి గానీ మెయిన్ థ్రెడ్ కి ఊపిరాడుతుంది. ఎక్స్-ప్లేన్ లో ఈ పనంతా వరల్డ్ ఆబ్జెక్ట్స్ స్లైడర్ చేస్తుంది, అది ఒక మెట్టు దించి చూడండి.

జీపీయూ ఆపుతోందా, అప్పుడు మేఘాలు, నీడలు, నీళ్ళు, యాంబియెంట్ అక్లూజన్ (మూలల్లో పడే మెత్తటి నీడ) ఒక్కో మెట్టు దించండి. మేఘాలు అల్ట్రా నుంచి హై కి దించితే కంటికి పెద్దగా తెలీదు కానీ కార్డ్ కి బాగా తెలుస్తుంది. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ కూడా ఉంది, తక్కువ రిజల్యూషన్ లో గీసి పెద్దది చేస్తుంది, బయట దృశ్యానికి భేషుగ్గా ఉంటుంది కానీ కాక్‌పిట్ స్క్రీన్ల మీద కదిలే అంకెల వెనక నీడ లాగా చారలు పడతాయి. ఎత్తు చూపించే ఆల్టిట్యూడ్ టేప్ చదవడమే పనిగా ఉండే ఎయిర్‌లైనర్ పైలట్ కి ఇది చిరాకు, కింద ఊళ్ళు చూస్తూ తిరిగేవాళ్ళకి అసలు లెక్కే కాదు. అప్‌స్కేలింగ్ లో క్వాలిటీ మోడ్ దాటి కిందకి పోకండి అని నా సలహా.

ఫ్రేమ్ జెనరేషన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నిజంగా లెక్కేసిన రెండు ఫ్రేముల మధ్య కార్డ్ తనే ఒకటి పుట్టించి పెడుతుంది, ఆ ఫ్రేముకి సీపీయూ అక్కర్లేదు, కాబట్టి మెయిన్ థ్రెడ్ దగ్గర ఇరుక్కున్న సిమ్ కి ఇది అచ్చంగా సరిపోయే మందు. షూటర్ ఆడేవాళ్ళు దీన్ని తిడతారు, మౌస్ కదిపిన దానికీ స్క్రీన్ కదిలే దానికీ మధ్య ఆలస్యం పెరుగుతుందని, నిజమే, కానీ 70 టన్నుల జెట్ నడిపేటప్పుడు ఆ ఆలస్యం పట్టించుకునేది ఎవరు. డీసీఎస్ లో డాగ్‌ఫైట్ (యుద్ధ విమానాల ఎదురెదురు పోరు) చేసేవాళ్ళు మాత్రం ఆలోచించుకోవాలి. ఎన్విడియా వాళ్ళ డీఎల్‌ఎస్‌ఎస్ ఫ్రేమ్ జెనరేషన్ కి 40 సిరీస్ లేదా ఆ తర్వాతి కార్డ్ ఉండాలి, ఏఎండీ వాళ్ళ ఎఫ్‌ఎస్‌ఆర్ 3 పద్ధతికి అంత కట్టుబాటు లేదు, సిమ్ సపోర్ట్ చేస్తే చాలు. ఐతే అసలు ఫ్రేములు 30 కన్నా తక్కువుంటే మధ్యలో పుట్టించినవి కూడా వంకరగానే వస్తాయి, ముందు ఆ 30 నిలకడగా తెచ్చుకోవాలి.

నిలకడ అన్నాను కదా, అసలు సంగతి అదే. 55కీ 28కీ మధ్య ఊగే సిమ్ కన్నా 30 దగ్గర కట్టేసిన సిమ్ చాలా నున్నగా అనిపిస్తుంది. డ్రైవర్ కంట్రోల్ ప్యానెల్ లోంచో సిమ్ లోంచో ఫ్రేములకి లిమిట్ పెట్టండి, 60 హెర్ట్జ్ మానిటర్ ఐతే 30, వేరియబుల్ రిఫ్రెష్ ఉన్న (ఫ్రేములకి తగ్గట్టు తన వేగం మార్చుకునే) మానిటర్ ఐతే 40, 45 ఎక్కడైనా. ఎక్స్-ప్లేన్ వాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి, సుమారు 20 కన్నా కిందకి పడితే ఆ సిమ్ టైమునే నెమ్మది చేసేస్తుంది, లెక్కలు తప్పు రాకుండా, ఆన్‌లైన్ లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ తో మాట్లాడుతూ ఎగిరేవాళ్ళకి ఐతే విమానం అనుకున్న స్పీడ్ లో పోవట్లేదని గొడవ మొదలవుతుంది.

ఇప్పుడు కొనే సంగతి

సీపీయూలో చూడాల్సింది కోర్ల సంఖ్య కాదు, ఒక్క కోర్ ఎంత వేగం, దాని పక్కన క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) ఎంతుంది అనేవి. సిమ్ చిందరవందరగా పడున్న డేటాని మాటిమాటికీ వెతుక్కుంటూ ఉంటుంది, అది క్యాష్ లో దొరికితే సరే, లేకపోతే ర్యామ్ దాకా పోయి రావాలి, ఆ పోయొచ్చే టైమంతా మెయిన్ థ్రెడ్ ఖాళీ. ఏఎండీ వాళ్ళ ఎక్స్3డీ ప్రాసెసర్లకి సిమ్ జనంలో అంత పేరు రావడానికి కారణం అదే: మామూలు రైజెన్ 7 5800ఎక్స్ లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ లో 96 ఎంబీ. దాని తర్వాత 2023లో 7800ఎక్స్3డీ, 2024 నవంబర్ లో 9800ఎక్స్3డీ వచ్చాయి. కొత్తగా కట్టేవాళ్ళు ఈ రెండిట్లో జేబుకి సరిపోయేది తీస్కుంటే సీపీయూ గురించి చాలా ఏళ్ళు మర్చిపోవచ్చు. పాత ఏఎమ్4 (ఏఎండీ పాత సాకెట్) మదర్‌బోర్డ్ ఉన్నవాళ్ళు బోర్డ్, ర్యామ్ మార్చకుండా బయాస్ (బోర్డ్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి 5700ఎక్స్3డీ కానీ 5800ఎక్స్3డీ కానీ దొరికితే పెట్టుకోవచ్చు, పెట్టిన డబ్బుకి సిమ్ లో ఇంతకన్నా ఎక్కువ తేడా తెచ్చే అప్‌గ్రేడ్ ఇంకోటి నాకు కనపడలేదు. 7950ఎక్స్3డీ లాంటి 16 కోర్ల వాటిల్లో అదనపు క్యాష్ సగం కోర్లకే ఉంటుంది, సిమ్ ఆ సగంలోనే నడిచేలా చూసుకోవాలి, వీడియో ఎడిటింగ్ లాంటి వేరే పనులు లేకపోతే ఆ తలనొప్పి ఎందుకు. ఇంటెల్ వైపు 14700కే స్థాయి ప్రాసెసర్లు సిమ్ బాగానే నడుపుతాయి, కానీ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్స్ లో వోల్టేజ్ వల్ల వచ్చే అస్థిరత సమస్యని 2024లో ఇంటెల్ ఒప్పుకుని మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చింది కాబట్టి, అవి వాడేవాళ్ళు బయాస్ కొత్తదేనా అని ముందు చూస్కోవాలి.

ర్యామ్ 32 జీబీ. 16తో నడవదా అంటే నడుస్తుంది, ఫ్లైట్ సిమ్యులేటర్ 2024కి మైక్రోసాఫ్ట్ కనీసం అని రాసింది 16 జీబీనే, రికమెండెడ్ 32, ఐడియల్ 64. ఆ 64 అందరికీ కాదు, డీసీఎస్ లో పెద్ద మల్టీప్లేయర్ మిషన్లు, వీఆర్ హెడ్‌సెట్, బోలెడన్ని సీనరీ యాడ్-ఆన్లు ఉన్నవాళ్ళకి. కొన్నప్పుడు ఒకే స్టిక్ కాకుండా రెండు స్టిక్స్ తీస్కోండి, డ్యూయల్ ఛానెల్ కోసం. ఆ తర్వాత బయాస్ లోకి వెళ్ళి ఎక్స్‌ఎమ్‌పీ లేదా ఎక్స్‌పో అనే ర్యామ్ స్పీడ్ సెట్టింగ్ ఆన్ చెయ్యండి, ఇది చెయ్యకపోతే పెట్టె మీద 6000 అని రాసున్న ర్యామ్ కూడా దానికన్నా చాలా తక్కువ స్పీడ్ లో నడుస్తుంది, కొని ఏళ్ళు గడిచినా ఆన్ చెయ్యని పీసీలు ఎన్నో.

కార్డ్ విషయంలో మీ మానిటరే నిర్ణయిస్తుంది. 1080పీ అంటే దాదాపు 21 లక్షల పిక్సెళ్ళు, 1440పీ 37 లక్షలు, 4కే ఐతే 83 లక్షలు. మానిటర్ 1080పీ ఉంచుకుని టాప్ కార్డ్ కొనడం శుద్ధ దండగ, 4కే టీవీ పెట్టుకుని చిన్న కార్డ్ తో లాగడం అంతకన్నా దండగ, 1440పీ దగ్గర ఆగితే కాక్‌పిట్ అక్షరాలూ చదవొచ్చు, కార్డ్ కూడా చావదు. కార్డ్ పేరు కన్నా గ్రాఫిక్స్ మెమరీ ఎంతో ముందు చూడండి. 8 జీబీ కార్డ్ మీద 1440పీలో అల్ట్రా టెక్స్చర్లు, మంచి ఎయిర్‌లైనర్, డబ్బులిచ్చి కొన్న ఎయిర్‌పోర్ట్ యాడ్-ఆన్ కలిపి వేస్తే మెమరీ నిండిపోయి సిమ్ ర్యామ్ లోకి పొర్లుతుంది, అప్పుడు సగటు ఎఫ్‌పీఎస్ బాగానే చూపిస్తుంది కానీ తల తిప్పినప్పుడల్లా జర్క్. 2024కి మైక్రోసాఫ్ట్ ఐడియల్ అని 12 జీబీ గ్రాఫిక్స్ మెమరీ రాసింది, ఇప్పుడు కొత్తగా కొనేవాళ్ళు 12 కన్నా తగ్గకుండా చూస్కోండి, 16 దొరికితే ఇంకా మంచిది. 8 ఉన్నవాళ్ళు టెక్స్చర్ రిజల్యూషన్ ఒక మెట్టు దించితే చాలు, పోయేదేం లేదు.

ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి, పాత హార్డ్ డిస్క్ మీద సిమ్ వేసి జర్క్స్ వస్తున్నాయనుకోవడంలో అర్థం లేదు. సాటా ఎస్‌ఎస్‌డీ కీ ఎన్‌వీఎమ్‌ఈ కీ మధ్య లోడింగ్ టైములో తేడా ఉంటుంది, ఎఫ్‌పీఎస్ లో ఉండదు, కాబట్టి ఖరీదైన మోడల్ కన్నా పెద్ద సైజుది తీస్కోండి. 2020కి కనీసం 150 జీబీ అడిగారు, 2024కి 50 అనే రాశారు, తగ్గిందని మురిసిపోకండి, మిగతాది ఇంటర్నెట్ మీదకి తోసేశారు అంతే, విమానాలు కూడా అవసరమైనప్పుడు స్ట్రీమ్ ఐ వస్తాయి. అందుకే 2024లో నెట్ కూడా హార్డ్‌వేర్ లెక్కే: కనీసం 10 ఎంబీపీఎస్, రికమెండెడ్ 50, ఐడియల్ 100. కనెక్షన్ నెమ్మదిగా ఉంటే బిల్డింగులు కరిగిపోయిన మైనపు ముద్దల్లాగా కనిపిస్తాయి, దాన్ని చూసి కార్డ్ పాడైందనుకునేవాళ్ళున్నారు. వైఫై బదులు కేబుల్ లాగండి, రోలింగ్ క్యాష్ (నెట్ నుంచి దిగిన డేటాని దాచుకునే ఫైల్) ని ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి, నెలకింత డేటా అని లిమిట్ ఉన్న కనెక్షన్ ఐతే మీటర్ మీద ఓ కన్నేసి ఉంచండి.

కూలింగ్ గురించి ఒక్క మాట. సిమ్ సెషన్ గంటల తరబడి సాగుతుంది, మూడో గంటలో ఫ్రేములు తగ్గుతున్నాయంటే వేడి వల్ల ప్రాసెసర్ తన స్పీడ్ తనే తగ్గించుకుంటోందేమో టెంపరేచర్ చూడండి.

ల్యాప్‌టాప్ లో ఐతే పేర్లు నమ్మొద్దు. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070కి 12 జీబీ మెమరీ, ల్యాప్‌టాప్ 4070కి 8 మాత్రమే, పైగా ఆ ల్యాప్‌టాప్ చిప్ కి ఎన్ని వాట్లు ఇవ్వాలన్నది తయారు చేసినవాళ్ళ ఇష్టం, 35 వాట్ల నుంచి 115 దాకా ఏదైనా ఉండొచ్చు. ఒకే స్టిక్కర్ ఉన్న రెండు ల్యాప్‌టాప్ లు సిమ్ లో రెండు వేర్వేరు మెషీన్లలా నడుస్తాయి. కొనే ముందు ఆ వాట్ల సంఖ్య స్పెక్స్ లో వెతకండి, దొరక్కపోతే ఆ మోడల్ వదిలేయండి.

వీఆర్ అనుకుంటున్నవాళ్ళకి: రెండు కళ్ళకీ విడివిడిగా గీయాలి, క్వెస్ట్ 3 హెడ్‌సెట్ లో ఒక్కో కంటికి 2064 బై 2208 పిక్సెళ్ళు, ఇక్కడ మాత్రం కార్డ్ ఎంత పెద్దదైతే అంత మంచిది, సీపీయూ బాగుండటం కూడా తప్పదు. ముందు మానిటర్ మీద సిమ్ సాఫీగా నడిపించి ఆ తర్వాతే హెడ్‌సెట్ గురించి ఆలోచించండి. అంత ఖర్చు వద్దనుకుంటే హెడ్ ట్రాకింగ్ ఉంది, వెబ్‌క్యామ్ తో పనిచేసే ఓపెన్‌ట్రాక్ ఉచితం, తల తిప్పితే కాక్‌పిట్ తిరుగుతుంది, పీసీ మీద భారం దాదాపు ఉండదు.

పీసీ పాతదే, మార్చే ఉద్దేశం లేదు అంటే

సిమ్ మార్చండి. ఎక్స్-ప్లేన్ 11 ఇప్పటికీ బాగా ఎగురుతుంది, 2020లో వల్కన్ (కార్డ్ తో మాట్లాడే కొత్త పద్ధతి) సపోర్ట్ వచ్చాక ఇంకా తేలికైంది. ఫ్లైట్‌గేర్ ఓపెన్ సోర్స్, పైసా కట్టక్కర్లేదు, బొమ్మ అంతంతమాత్రమే గానీ ప్రొసీజర్లు నేర్చుకోవడానికి సరిపోతుంది. డీసీఎస్ కూడా ఉచితంగానే డౌన్‌లోడ్ అవుతుంది, దాంతో సు-25టీ, టీఎఫ్-51డీ విమానాలు వస్తాయి, కాకేసస్ మ్యాప్ మీద ఒంటరిగా ఎగిరితే మధ్యస్థ పీసీ కూడా తట్టుకుంటుంది. మైక్రోసాఫ్ట్ దే కావాలంటే ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ మీద కానీ, 2022 మార్చి నుంచి ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ లో కానీ ఆడొచ్చు, పీసీలో కమ్యూనిటీ ఫోల్డర్ లో వేసుకునే ఉచిత యాడ్-ఆన్లు మాత్రం అక్కడ కుదరవు.

ఆ కమ్యూనిటీ ఫోల్డర్ గురించే ఇంకో మాట. ఫ్రేములు ఉన్నట్టుండి పడిపోయాయి, సిమ్ లోడ్ అవ్వడానికి యుగాలు పడుతోంది అంటే ఏ పార్టూ కొనకుండా ముందు ఆ ఫోల్డర్ పేరు మార్చి, ఖాళీ ఫోల్డర్ పెట్టి సిమ్ తెరవండి. బాగైపోతే దొంగ అందులోనే ఉన్నాడు, యాడ్-ఆన్లు సగం సగం వెనక్కి పెట్టుకుంటూ పోతే దొరుకుతాడు. సిమ్ అప్‌డేట్ వచ్చిన రోజున ఇది మొదట చెయ్యాల్సిన పని, దాంతోపాటు గ్రాఫిక్స్ డ్రైవర్ ని అదే రోజు మార్చకండి, రెండూ ఒకేసారి మారిస్తే ఏది పాడుచేసిందో తేలదు.

డబ్బులు ఏ వరసలో పెట్టాలి అంటే, పరీక్షలో మెయిన్ థ్రెడ్ అని వస్తే సీపీయూ, కార్డ్ అని వస్తే కార్డ్, ర్యామ్ 16 మాత్రమే ఉంటే ఈ రెండిటికన్నా ముందు అది 32 చెయ్యండి. కీబోర్డ్ తో ఎగురుతున్నవాళ్ళు ఐతే వీటన్నిటినీ పక్కన పెట్టి ముందు త్రాటిల్ లివర్ ఉన్న ఒక జాయ్‌స్టిక్ కొనుక్కోండి, 60 ఎఫ్‌పీఎస్ లో కీబోర్డ్ తో దిగడం కన్నా 30లో జాయ్‌స్టిక్ తో దిగడం చాలా నయం.